బ్రేకు మీద కాలు

ఆ రోజు పొద్దున వెల్డరు కుడి పిడికిలి మీద రెండు పళ్ల గాట్లున్నాయి. పళ్లు కార్ల బ్రోకరువి. బ్రోకరు కరిచాడనుకునేరు, పాపం అతనేం చేయలేదు. వెల్డరే ముందురోజు సాయంత్రం వెతుక్కుంటూ వెళ్లి, ఆ పళ్ల మీద పిడికిలి పెట్టి వచ్చాడు. ఒకటి ఊడి బల్ల మీదున్న టీ గ్లాసులో పడింది. గ్లౌజు తొడుక్కుంటే గాట్లు మండుతున్నాయి, విప్పితే రవ్వలు పడుతున్నాయి. కిటికీ చట్రం ఒకటి సగం అతికి, రాడ్డు బిగించే హోల్డరు విసిరికొట్టాడు.

అతనికి కోపం ముక్కు మీద ఉంటుందంటే తప్పే. ముక్కు దాకా వచ్చే తీరిక దానికి ఏనాడూ లేదు, నేరుగా చేతుల్లోనే కాపురం. వీధిలో అందరూ వెనక అగ్గిపెట్టె అంటారు. మొహాన అన్నవాడు ఒక్కడే, పక్కనున్న టైర్ల షాపువాడు. వాడికి అప్పట్నుంచీ ఎడమ చెవి సరిగా వినపడదు. అందుకని ఆ మాట ఇప్పుడు మరింత గట్టిగా అంటాడు.

పని నేర్పింది మేనమామ. అతుకు వంకర పోతే, కాలుతున్న ఎలక్ట్రోడ్ ముక్కని మోచేతికి ఆనించేవాడు. అలా మేనల్లుడు రెండూ బాగా నేర్చుకున్నాడు, అతకడమూ కొట్టడమూ. పెళ్లయ్యాక ఇంట్లో రెండు విద్యలకీ పని దొరికింది. మంచం కోడు, తలుపు మడత బందు, బీరువా కాలు, బావి గిలక, ఏది చూసినా ఒక అతుకు కనిపించేది. విరిచిందీ అతనే, అతికిందీ అతనే. భార్య మీద మాత్రం ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. "నేను ఇనుము కాదుగా, అతకలేనని భయం" అనేది ఆమె, పక్కింటివాళ్లతో.

ఆమె ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే మిషన్ల దగ్గర పనిచేస్తుంది. అవసరమైతే లాండ్రీ వ్యాను కూడా నడుపుతుంది. ఆమెకి ఒక్కడే తమ్ముడు. కార్ల మెకానిక్కు. ఆ తమ్ముడి పెళ్లినాడు ఫోటోలు తీస్తుంటే, "బావా, కాస్త పక్కకి జరుగు, నువ్వే పెళ్లికొడుకులా ఉన్నావు" అన్నాడు నవ్వుతూ. జనమంతా నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే పెళ్లికొడుకు దవడ రెండు ముక్కలైంది. కొత్త పెళ్లాం నెలన్నరపాటు అతనికి గొట్టంతో పాలు పట్టింది. ఆ తర్వాత అక్క గడప తమ్ముడు తొక్కలేదు, తమ్ముడి గడప అక్కని తొక్కనివ్వలేదు. మేనకోడలు నడక నేర్చిందీ, మేనల్లుడికి పళ్లొచ్చిందీ ఆమె ఫోనులోనే చూసింది. మొగుణ్ణి పల్లెత్తు మాటనలేదు. దుప్పట్లు మాత్రం అవసరమైన దానికంటే గట్టిగా పిండేది.

ఇలాంటి ఇంట్లోకి కారొచ్చింది.

తెల్లటి పాత కారు. "ఒకే చెయ్యి నడిపిన బండి. అదీ ఆదివారాలు మాత్రమే" అన్నాడు బ్రోకరు. వెల్డరు తనకి తెలిసిన పరీక్షలన్నీ చేశాడు. గుమ్మాల కింద గోటితో గీశాడు. తలుపుల మీద మెటికలతో కొట్టి చప్పుడు విన్నాడు. కింద పడుకుని చాసిస్ అతుకుల్ని తల్లి బిడ్డని తడిమినట్టు తడిమాడు. తుప్పు లేదు. అడుగంతా కొత్తగా నల్లరంగు దట్టంగా పూసి ఉంది. ఆ పూత చూసి మెచ్చుకున్నాడు కూడా. ఇనుము బాగుంటే బండి బాగున్నట్టేనని అతని లెక్క. ఇంజను వంక చూడలేదు, మెకానిక్కుని తీసుకెళ్లలేదు. మెకానిక్కంటే ఇంట్లో ఒకడే గుర్తొచ్చేవాడు మరి.

పైన పటారం, లోన లొటారం అని ఇంటికొచ్చే దారిలోనే తేలింది. హారను దానంతటదే మోగడం మొదలెట్టింది. ఆపినా ఆగలేదు. ముందు వెళ్తున్నవాళ్లు వెనక్కి తిరిగి తిట్టారు. వెల్డరు స్టీరింగు మధ్యలో ఒక గుద్దు గుద్దాడు. ఆగిపోయింది.

"చూశావా, కొడితే వింటుంది" అన్నాడు భార్యతో, మహా సంబరంగా.

అక్కడ పడింది అసలు పొరపాటు. ఇక బండికి ఏ రోగమొచ్చినా అదే మందు. కిటికీ అద్దం తలుపులోకి జారిపోతే తలుపుని తన్నాడు, అద్దం లోపలే పగిలింది. ఇంజను పొగలు కక్కితే, మరుగుతున్న రేడియేటరు మూత విప్పాడు. నీళ్లు ఎగిసి మోచేతి దాకా చర్మం ఊడింది. ఆ మంటలో బంపరుని తన్ని కాలి బొటనవేలు చితక్కొట్టుకున్నాడు. ఇంజను మూత కింద ఉండే హెడ్డు గాస్కెట్టు పోయిందన్న మొదటి మెకానిక్కుని కాలరు పట్టి గోడకి ఆనించాడు. "ఈ బండిని అమ్మినవాడికి దండేసి దణ్ణం పెట్టాలి" అని నవ్విన రెండోవాడి తల బోనెట్టుకి కొట్టాడు. ఆ సొట్ట ఇంకా ఉంది, బోనెట్టుకీ తలకీ కూడా. వారం తిరక్కుండా ఆ వెల్డరు కారు అంటే ఊళ్లో ఏ షెడ్డువాడైనా షట్టరు దించేసేవాడు.

ఇక బ్రేకులు. వెల్డరు షెడ్డు ముందు రోడ్డు వాలుగా ఉంటుంది. ఆ సాయంత్రం భార్యని లాండ్రీ నుంచి ఎక్కించుకుని వాలు దిగుతూ పెడలు తొక్కాడు. అది మెత్తగా అడుగుదాకా పోయింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ పోయింది. కారు సరాసరి వెళ్లి షెడ్డు గేటుని గుద్దుకుంది. గేటు అతను చేసిందే కాబట్టి గేటు వంగలేదు, కారే వంగింది. ఆమె నుదురు అద్దానికి తగిలి చీలింది. రక్తం కంట్లోకి, ముక్కు మీదుగా పెదవి మీదికి కారింది. ఆమె కొంగు ముడిచి అదిమిపెట్టుకుని, "దిగు. ఇంకోసారి గుద్దడానికి గేటు ఖాళీ లేదు" అంది.

అతను దిగి, నడిచే బ్రోకరు దగ్గరికి వెళ్లాడు. పన్ను ఊడింది అప్పుడే.

ఆ రాత్రి ఆమె నుదుటికి కట్టుతో కూర్చుని మొగుడికి ఒకే మాట చెప్పింది.

"రేపు మా తమ్ముణ్ణి పిలుస్తున్నా."

"వాడు రాడు."

"వస్తాడు. తల చూపిస్తాగా. ఒకటి గుర్తుపెట్టుకో. వాడి ఒంటి మీద ఈసారి నీ వేలు పడిందా, ఆ కారెక్కి వెళ్లిపోతా."

"దానికి బ్రేకుల్లేవే!"

"అదే మంచిది. ఎక్కడా ఆగకుండా పోతా."

అతను నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఆమె నవ్వడం లేదు. ఆమె చీరల పెట్టె మంచం కింద నుంచి బయటికి వచ్చి, గోడ పక్కన నిలబడి ఉంది. దాని పిడి కూడా అతను అతికిందే.

తమ్ముడు మర్నాడు పొద్దున్నే వచ్చాడు. పొట్టి మనిషి, భుజాన పనిముట్ల సంచి. మాట్లాడితే దవడ దగ్గర టిక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వెల్డరు అదే మొదటిసారి వినడం. వినగానే మొహం తిప్పుకుని, గ్లౌజు తీసి, వేసి, మళ్లీ తీశాడు.

తమ్ముడు కారు కిందికి దూరి, కాసేపటికి సన్నటి గొట్టం ఒకటి చేత్తో పట్టుకుని వచ్చాడు. వెనక చక్రాలకి బ్రేకు ఆయిలు వెళ్లే గొట్టం. మధ్యలో రేకులా అణిగిపోయి ఉంది.

"అక్కా, ఇది చూపించు ఆ బండి ఓనరుకి. వెనక చక్రంలో ఆయిలు కారుతుంటే బాగుచేయించకుండా, సుత్తితో గొట్టం నొక్కేసి నల్లరంగు పూశారు. ఇన్నాళ్లూ రెండు చక్రాలతోనే ఆగుతోంది. ముందువైపు కూడా అరిగిపోయాక ఇక ఆగలేదు."

వెల్డరు గొట్టం అందుకున్నాడు. సుత్తి ముఖం అంచు దాని మీద స్పష్టంగా పడింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ సుత్తి పట్టినవాడు, కింద పడుకుని చేత్తో తడిమినవాడు, ఆ గుర్తు పోల్చుకోలేకపోయాడు. రంగు బాగుందని మెచ్చుకున్నాడు! గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని ముక్కలుగా విరిచాడు. ఇంకా ఏదో విరవాలని చుట్టూ చూశాడు. భార్య చూపు తగిలి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి కొత్త గొట్టం పడింది, చక్రాల్లో కొత్త రబ్బర్లు పడ్డాయి. ఇక గాలి తీయడం మిగిలింది. ఈ పని ఒక్కడి వల్ల కాదు. ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర నిపులు అనే చిన్న మరని విప్పాలి. అప్పుడు గొట్టంలో ఇరుక్కున్న గాలి ఆయిలుతో కలిసి బుడగలుగా బయటికి పోతుంది. మర బిగించేదాకా పెడలు మీద కాలు కదపకూడదు. ముందే వదిలితే పోయిన గాలి మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది, పని మొదటికొస్తుంది. దానికి మాటలు మూడే. తొక్కు, పట్టు, వదులు.

భార్య బోనెట్టు దగ్గర ఆయిలు సీసాతో నిలబడింది. వెల్డరు లోపల కూర్చున్నాడు. తమ్ముడు వెనక భాగాన్ని జాకీ మీద ఎత్తి, చక్రం విప్పి, వెల్లకిలా కిందికి జరిగాడు.

"అక్కా, చెప్పు. నేల వాలుగా ఉంది. లోపలివాడు ఎగిరితే బండి జాకీ మీంచి జారి నా గుండెల మీద పడుద్ది. కోపమొస్తే ముందు చెప్పమను, బయటికొచ్చి చస్తా."

"విన్నావుగా" అంది ఆమె.

"విన్నా" అన్నాడు వెల్డరు.

"తొక్కమను. మెల్లగా! అది పెడలు, నా దవడ కాదు."

"మెల్లగా తొక్కాలట" అంది ఆమె.

వెల్డరు మెడ నరం ఉబ్బింది. కాలు వదిలేశాడు. కింద నిపులు గురకపెట్టింది.

"వదిలేశాడా? పోయింది! పట్టమంటే పట్టాలి అక్కా. ఆయనకి కొట్టడం తప్ప పట్టడం ఎవరూ నేర్పలేదా?"

మళ్లీ మొదలెట్టారు. రెండోసారీ మధ్యలోనే వదిలేశాడు. ఈసారి తమ్ముడి మాటకి కాదు, దవడ టిక్కుమన్నందుకు. మూడోసారి ఆమె కిటికీ దగ్గరికొచ్చి, లోపలికి వంగి, నెమ్మదిగా అంది. "పెట్టె కారు డిక్కీలో పెట్టనా?" అప్పట్నుంచి కాలు కదల్లేదు. ఒక్కో చక్రమే అయింది. సీసాలో ఆయిలు అడుగంటేసరికి ఆఖరి చక్రం దగ్గరికొచ్చారు.

"తొక్కు... పట్టు" అన్నాడు తమ్ముడు. అక్కని మధ్యలో పెట్టకుండా నేరుగా అనడం అదే మొదలు.

గేటు దగ్గర చప్పుడైంది. బ్రోకరు వచ్చాడు. పెదవి ఉబ్బి ఒక పక్కకి వేలాడుతోంది. వెంట లారీలకి లోడెత్తే మనిషి, చేతిలో ఇనుప పైపు. తాడిలా ఉన్నాడు. అతను బ్రోకరుకి బావమరిది. ఎవరి బావమరిదిని వాళ్లు తెచ్చుకున్నారన్నమాట.

"పన్ను ఊడగొడతావురా?" అన్నాడు బ్రోకరు. పన్ను సందులోంచి గాలి పోయింది గానీ మాట అర్థమైంది.

లోడెత్తేవాడు మాటలు పెట్టుకోలేదు. ఒక్క దెబ్బకి ముందద్దం పొడిపొడిగా వెల్డరు ఒళ్లో పడింది. కారు ఊగింది. కింద జాకీ కిర్రుమంది.

వెల్డరు చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది. ఆ చేతికి దారి తెలుసు. తలుపు తెరవడం, ఎగరడం, పైపు లాక్కోవడం, అదే పైపుతో వాడి తల పగలగొట్టడం. ఈ పనులన్నీ ఆ చెయ్యి ఎన్నోసార్లు చేసింది, అడక్కుండానే చేసింది.

కింది నుంచి గొంతు వచ్చింది. "కదలకు బావా! జాకీ వంగుతోంది. పట్టు!"

ఆ పెళ్లినాటి తర్వాత బావా అన్న పిలుపు అదే.

వెల్డరు పిడి వదిలి స్టీరింగు పట్టుకున్నాడు. అద్దం లేని కిటికీలోంచి పైపు దిగి కుడి భుజం మీద పడింది. పళ్లు బిగించాడు. రెండోది మెడ పక్కన పడింది, మెడ కింద భుజానికి అడ్డంగా ఉండే ఎముక ఎలక్ట్రోడ్ విరిచినట్టు టప్పుమంది. నోట్లోంచి ఎద్దు రంకెలాంటిది వచ్చింది గానీ కాలు పెడలు మీదే ఉంది.

"వీడేంట్రా, కదలడు?" అన్నాడు లోడెత్తేవాడు, పైపు ఆపి. ఈ మనిషి గురించి వాడు విన్నది వేరు.

"భయం. అగ్గిపెట్టె తడిసింది. ఇంకోటి వెయ్" అన్నాడు బ్రోకరు.

మూడో దెబ్బ చెవిని చీల్చింది. రక్తం మెడ మీదుగా చొక్కాలోకి దిగింది. వెల్డరు కళ్లు వాళ్ల మీద లేవు, ఎడమ తలుపు బయటి చిన్న అద్దంలో వెనక చక్రం పక్కన నేల మీద కనిపిస్తున్న రెండు చెప్పుల మీద ఉన్నాయి. ఆ చెప్పులు అంగుళం అంగుళం బయటికి వస్తున్నాయి.

"ఇంకో మెలిక... పట్టు బావా, పట్టు..."

నాలుగో దెబ్బకి పైపు లేచింది. అప్పుడే భార్య బోనెట్టు పక్కనుంచి వచ్చి, సీసాలో మిగిలిన ఆయిలంతా లోడెత్తేవాడి మొహాన కొట్టింది. బ్రేకాయిలు కారు రంగునే తినేస్తుంది, కళ్లనేం లెక్కచేస్తుంది? వాడు పైపు వదిలి రెండు చేతులతో మొహం రుద్దుకుంటూ గొడ్డులా అరిచాడు. రుద్దినకొద్దీ మంట లోపలికి పోయింది. ఆమె ఆ పైపే ఎత్తి వాడి పిక్కల మీద ఒకటి వేసింది. వాడు కూలబడ్డాడు.

తమ్ముడు బయటికొచ్చి నిలబడ్డాడు. బయటికొచ్చిన మరుక్షణం జాకీ పక్కకి పడింది. కారు వెనక భాగం ధడాలున నేలకి కొట్టుకుంది, సరిగ్గా అతని ఛాతీ ఉన్న చోట. దుమ్ము లేచింది. తమ్ముడు ఆ చోటు వంక ఒకసారి చూశాడు. చేతిలో చక్రాల పానా ఉంది. ఎవరి మీదా చెయ్యెత్తడని ఇంటా బయటా పేరున్నవాడు, వెళ్లి ఆ పానాతో బ్రోకరు మోకాలి చిప్ప మీద కొట్టాడు. పడితే పక్కటెముకల మీద కొట్టాడు. మోచేతి మీద కొట్టాడు. ఆపలేదు. దవడ విరిగినప్పట్నుంచి దాచుకున్నదంతా అక్కడ, సంబంధం లేని మనిషి మీద ఖర్చు పెడుతున్నాడు.

"చాల్రా!" అని అరిచాడు వెల్డరు, కారులోంచి. "చాలు, చచ్చిపోతాడు!"

చాలు అన్న మాట ఆ నోట ఆ వీధిలో ఎవరూ విని ఉండరు. టైర్ల షాపువాడికి కూడా వినిపించింది.

తమ్ముడు పానా దించాడు. రొప్పుతున్నాడు. భార్య కారు దగ్గరికొచ్చి మొగుణ్ణి చూసింది. చొక్కా సగం ఎర్రగా ఉంది, కుడి చెయ్యి వేలాడుతోంది. కాలు మాత్రం అలాగే ఉంది.

"కాలు తియ్యి. అయిపోయింది."

"వాడు చెప్పలేదు" అన్నాడు వెల్డరు.

తమ్ముడు పానాకి అంటిన రక్తం ప్యాంటుకి తుడుచుకున్నాడు. దవడ టిక్కుమంది.

"వదులు" అన్నాడు.

లోడెత్తేవాణ్ణి కుళాయి కింద కూర్చోబెట్టి ఆమే కళ్లు కడిగింది, చంటిపిల్లాణ్ణి తిట్టినట్టు తిడుతూ. తమ్ముడు జాకీ ఎత్తి చక్రం బిగించాడు. ఇంకో బండి పిలిస్తే కబురు పోలీసుల దాకా పోతుందని బ్రోకరే అన్నాడు, మూలుగుతూ. అందుకని అందరూ అదే కారెక్కారు. ముందు సీట్లో వెల్డరు. వెనక మధ్యలో బ్రోకరు, అటు కళ్లు మూసుకున్న బావమరిది, ఇటు పానా ఒళ్లో పెట్టుకున్న ఈ బావమరిది. ఆమె స్టీరింగు పట్టింది. అద్దం లేక గాలి మొహాలకి కొడుతోంది.

"మెల్లగా అమ్మా, దీనికి బ్రేకులు..." అన్నాడు బ్రోకరు. అని, తానేం అన్నాడో తెలిసి నోరు మూసుకున్నాడు.

"చెప్పండి, దీనికి బ్రేకులు?" అంది ఆమె, వెనక్కి తిరక్కుండా.



ఆసుపత్రి గేటు దగ్గర అంబులెన్సు ఒకటి అడ్డంగా ఉంది. ఆమె తొక్కింది. పెడలు సగంలోనే రాయిలా నిలబడింది. కారు అంబులెన్సుకి జానెడు దూరంలో ఆగింది. వెనక ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి, ముగ్గురూ బూతు తిట్టారు.

అందరూ మెట్ల మీంచి పడ్డామనే చెప్పారు. "నలుగురూ ఒకే మెట్ల మీంచా?" అన్నాడు డాక్టరు, ఆమె నుదుటి కట్టు కూడా కలిపి లెక్కేసి. వెల్డరు మెడ కింది ఎముక అతుక్కోవడానికి ఆరు వారాలన్నాడు.

"నేనయితే ఆరు నిమిషాల్లో అతుకుతా" అన్నాడు వెల్డరు.

"కుడి చెయ్యి భుజం పైకి ఎత్తకూడదు" అన్నాడు డాక్టరు, నవ్వకుండా.

"అది నేను చూసుకుంటా" అంది ఆమె.

బ్రోకరు మోకాలికి రెండు మరలు వేశారు. లోడెత్తేవాడికి ఒక కన్ను బాగుపడింది, రెండోది మసకగానే మిగిలింది. తమ్ముడు ఆ ఆదివారం పెళ్లాం పిల్లల్తో వచ్చాడు. ముందద్దం బిగించాడు, ఇంజను హెడ్డు విప్పాడు. బావతో రెండు మాటలకి మించి అనలేదు. తినేటప్పుడు మాత్రం అతని దవడ ప్రతి ముద్దకీ టిక్కుమంది, వెల్డరు ప్రతి చప్పుడూ విన్నాడు. పెట్టె మంచం కిందికి వెళ్లింది గానీ, గోడ వైపుకి కాదు, చేతికందేలా.

మరుసటి వారం, ఇంట్లో ఎవరూ లేని వేళ, కారు హారను దానంతటదే మోగడం మొదలెట్టింది. వెల్డరు వెళ్లి పక్కన నిలబడ్డాడు. కుడి చెయ్యి లేవబోయింది, కట్టు అడ్డొచ్చింది. ఎడమ చెయ్యి పిడికిలి అయింది. దాన్ని కాసేపు అలాగే ఉంచి, విప్పి, జేబులోంచి ఫోను తీశాడు.

"వినబడుతోందిలే" అన్నాడు బావమరిది అటునుంచి. "దేన్నీ కొట్టకు. వస్తున్నా."

అతను వచ్చేదాకా హారను మోగుతూనే ఉంది. టైర్ల షాపువాడు బయటికొచ్చి, కుడి చెవి మూసుకుని, తిట్టాడు.